తలకు దెబ్బ తగిలాక బిగుసుకున్న చెయ్యి, కాలు: మాత్రలా, ఇంజెక్షనా, పంపా, ఆపరేషనా?

కిందటేడు ఒక ఇంటికి వెళ్తే మంచం పక్కన స్టూలు మీద నాలుగు కాగితాలు పరిచి పెట్టారు. బైకు మీంచి పడి తలకు దెబ్బ తగిలిన కుర్రాడు. ఇరవై ఆరేళ్లు. అప్పటికి ఎనిమిది నెలలైంది. ఒక డాక్టరు బిగువు తగ్గించే బాక్లోఫెన్ మాత్రలు రాశారు. ఇంకొకరు బోటాక్స్ ఇంజెక్షన్ అన్నారు. మూడో ఆయన పొట్టలో మందు పంపు పెట్టించుకోవచ్చన్నారు. నాలుగో కాగితం మీద బంధువొకాయన ఒక ఊరి పేరు రాసిచ్చాడు, అక్కడ నూనె మర్దన చేస్తే నలభై రోజుల్లో లేచి తిరుగుతాడట.

"వీటిలో ఏది మంచిదండీ?" అంది వాళ్లమ్మ.

"ఈ బిగువు వల్ల రోజులో మీకు ఏ పని కష్టమవుతోందమ్మా?" అన్నాను.

ఆమె ఆలోచించుకోలేదు. "చొక్కా తొడగడం సార్. మోచెయ్యి విప్పుకోదు, ఇద్దరం పట్టుకోవాలి. గుప్పిట తెరుచుకోదు, అరచెయ్యి కడగలేం, వాసనొస్తోంది."

ఆ జవాబుతో పంపు కాగితం పక్కకు పోయింది. నూనె కాగితం ఎలాగూ పోయింది. మాత్రలా, ఇంజెక్షనా అన్నదొక్కటే మిగిలింది. ఫిజియోథెరపిస్టుగా ఇళ్లకు వెళ్లి పనిచేసేవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న నాకు దాదాపు ప్రతి వారం ఎదురవుతుంది. పక్షవాతం వచ్చినవాళ్లయినా, తలకు దెబ్బ తగిలినవాళ్లయినా ఎంచుకునే పద్ధతి ఇంచుమించు ఒకటే.

## ముందు ఈ బిగువేమిటో చూద్దాం

కండరాన్ని లాగితే అది తిరిగి ముడుచుకోవాలని చూస్తుంది. వెన్నుపాములో ఉన్న ఏర్పాటు అది. మామూలుగా మెదడు దాన్ని అదుపులో పెడుతుంది. మెదడుకు దెబ్బ తగిలితే ఆ అదుపు పోయి, కండరం చిన్నపాటి లాగుడికే బిగుసుకుంటుంది. దీన్నే స్పాస్టిసిటీ అంటారు. 1980లో లాన్స్ అనే న్యూరాలజిస్టు ఇచ్చిన నిర్వచనంలో ముఖ్యమైన మాట వేగం. గబుక్కున లాగితే పట్టేస్తుంది, నెమ్మదిగా లాగితే లొంగుతుంది.

ఇంట్లోనే ఒకసారి చూడండి. మోచేతిని చాలా నెమ్మదిగా, ఊపిరి తీసి వదిలినంత నిదానంగా చాపండి. దాదాపు పూర్తిగా చాచుకుంటే అది ప్రధానంగా నరాల బిగువు, మందుకు లొంగే రకం. ఎంత నిదానంగా లాగినా ఒకచోట గోడకు తగిలినట్టు ఆగిపోతే కండరమో, కీలుచుట్టూ ఉన్న కణజాలమో పొట్టిదైపోయిందన్నమాట. దాన్ని ఏ మాత్రా సాగదీయదు, ఏ ఇంజెక్షనూ సాగదీయదు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. ఏది ఎంతపాలో తేల్చుకోకుండా వేలకు వేలు పోసి ఇంజెక్షన్ చేయించుకుని, ఏమీ మారలేదని బాధపడినవాళ్లను చూశాను.

తలకు దెబ్బ తగిలినవాళ్లలో మూడో సంగతి ఒకటి ఉంటుంది. మోచెయ్యి, తుంటి వంటి కీళ్ల చుట్టూ కొత్తగా ఎముక పెరగడం. కీలు వెచ్చగా, వాచినట్టు ఉండి, వారం వారం కదలిక తగ్గిపోతుంటే ముందు ఎక్స్‌రే తీయించండి. బలవంతంగా లాగకండి.

ఇంకొక మాట. బిగువు పోతే చెయ్యి దానంతటదే పనిచేస్తుందని అందరూ ఆశపడతారు. బిగువు కింద బలహీనత దాక్కుని ఉంటుంది. బిగువు తీస్తే కనిపించేది ఆ బలహీనతే కావచ్చు. కాలి విషయంలోనైతే మరీ జాగ్రత్త. తొడ ముందు కండరం బిగువు వల్లే మోకాలు కర్రలా నిలబడి ఒంటి బరువు మోస్తోందేమో చూడాలి. ఆ బిగువు తీసేస్తే నడిచే మనిషి కూలబడతాడు.

## ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు, బిగువు ఈమధ్య ఉన్నట్టుండి పెరిగిందా? పెరిగితే మందు పెంచమని అడిగేలోపు ఒంట్లో ఎక్కడైనా ముల్లు ఉందేమో వెతకండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, పడకపుండు, మాంసంలోకి దిగిన కాలిగోరు, మెలిపడిన మూత్రపు గొట్టం, బిగుతు సాక్సు, చలి, ఎక్కడైనా నొప్పి. మనిషి చెప్పుకోలేని స్థితిలో ఉంటే ఒళ్లే బిగువు రూపంలో చెబుతుంది. ఒకామెకు రెండు నెలలుగా మాత్రలు పెంచుకుంటూ పోయారు. నాలుగు రోజులు విరేచనం సాఫీగా అయ్యేసరికి కాళ్లు సగం వదిలాయి.

రెండోది, ఏ పని కోసం? "బిగువు తగ్గాలి" అంటే డాక్టరుకు ఏమీ తెలియదు. "చంక శుభ్రం చేయాలి", "మడమ నేలకు ఆనాలి", "డైపరు మార్చేటప్పుడు తొడలు విడివడాలి", "గ్లాసు పట్టుకుని వదలాలి" అనండి. మొదటి మూడూ సంరక్షణ పనులు, మందుతో చాలావరకు సాధ్యమే. నాలుగోది రోగి స్వయంగా చేసే పని. దానికి మందొక్కటే ఎప్పుడూ సరిపోదు.

మూడోది, బిగువు ఒకటి రెండు చోట్లా, ఒళ్లంతానా? నాలుగోది, దెబ్బ తగిలి ఎన్నాళ్లయింది? మొదటి నెలల్లో మెదడు ఇంకా కోలుకుంటూ ఉంటుంది, తిరిగి మార్చలేని పనులు అప్పుడు చేయకూడదు. ఐదోది, బిగువు కింద సొంత కదలిక కొంచెమైనా ఉందా? ఆరోది డబ్బు, దూరం, ఇంట్లో చేసే మనిషి. ఇది చివర చెప్పానని చిన్నదనుకోకండి. సగం నిర్ణయాలు ఇక్కడే తేలతాయి.

డాక్టరు కాగితం మీద బిగువును కొలిచే ఆష్‌వర్త్ 1+, 2, 3 అని అంకెలు కనిపిస్తే కంగారు పడకండి. 0 అంటే బిగువు లేదు, 4 అంటే కీలు అసలు వంగదు, చాచుకోదు. రేపటితో పోల్చుకోవడానికి ఆ అంకె పనికొస్తుంది. చికిత్స ఎంచుకోవడానికి మాత్రం చొక్కా తొడగడమే మంచి కొలత.

| మార్గం | ఎక్కడ పనిచేస్తుంది | ఎంతకాలం | పెద్ద చిక్కు | ఖర్చు |
|---|---|---|---|---|
| వ్యాయామం, సరైన భంగిమ, స్ప్లింట్ (కీలును చాచి ఉంచే పట్టీ) | అన్నిచోట్లా, కొద్దికొద్దిగా | చేసినంతకాలం | మనిషి, ఓపిక కావాలి | మనిషి సమయం |
| వరుస కట్లు | మోచెయ్యి, మడమ | కొన్ని వారాలు, తర్వాత కాపాడుకోవాలి | కట్టు కింద పుండ్లు | తక్కువ |
| మాత్రలు | ఒళ్లంతా | వాడినంతకాలం | మత్తు, నీరసం | నెలనెలా కొద్దిగా |
| బోటులినమ్ (బోటాక్స్) ఇంజెక్షన్ | వేసిన కండరంలోనే | సుమారు 3 నెలలు | మళ్లీ మళ్లీ వేయించాలి | ప్రతిసారీ వేలల్లో |
| ఫినాల్ | ఆ నరం అందే కండరాల్లో | కొన్ని నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ | మంట, తిమ్మిరి | మందు చవక |
| బాక్లోఫెన్ పంపు | ముఖ్యంగా కాళ్లు, నడుము | నింపుతున్నంతకాలం | ఆపరేషన్, రీఫిల్ ప్రయాణాలు | లక్షల్లో |
| స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే తాడు) ఆపరేషన్ | పొట్టిదైన చోట | చాలాకాలం | వెనక్కి తీసుకోలేం | ఆసుపత్రిని బట్టి |

## వ్యాయామం, స్ప్లింట్లు, కట్లు

నా వృత్తికి రుచించని మాటతోనే మొదలుపెడతాను. కీళ్లు పట్టేయకుండా సాగదీయడం మీద జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష 2017లో వచ్చింది. నరాల జబ్బులున్నవాళ్లలో ఏడు నెలల లోపు చేసిన సాగదీత వల్ల కీలు కదలికలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని తేల్చింది. పక్షవాతం తర్వాత నాలుగు వారాలపాటు రాత్రిపూట చేతికి స్ప్లింట్ కట్టి చూసిన ఆస్ట్రేలియా అధ్యయనమూ 2007లో అదే చెప్పింది. అంటే రోజుకు పది నిమిషాలు చెయ్యి పట్టుకుని లాగి వెళ్లిపోయే ఫిజియోకు నెలనెలా డబ్బు కట్టడం తెలివైన బేరం కాదు.

మరి దేనికి కట్టాలి? పని నేర్పేవాడికి. మంచం మీంచి లేచి కూర్చోవడం, బరువు రెండు కాళ్ల మీదా వేసి నిలబడటం, నిలబెట్టే బల్ల వాడటం, గ్లాసు అందుకోవడం వంటివి రోజూ పదుల సార్లు చేయించేవాడికి. పడుకున్నప్పుడు చెయ్యీ కాలూ ఎలా ఉంచాలో, ఎన్ని గంటలకోసారి మార్చాలో మీకు నేర్పి వెళ్లేవాడికి. మణికట్టును సొంతంగా కాస్త పైకెత్తగలిగి, వేళ్లు కొంత తెరవగలిగితే మంచి చేతికి తొడుగు వేసి చెడిన చేతితోనే పనులు చేయించే పద్ధతి ఉంది. అమెరికాలో 222 మందితో జరిగిన ఎక్సైట్ అధ్యయనంలో రెండు వారాలు అలా చేయిస్తే చేతి వాడకం మెరుగైందని 2006లో తేలింది. వేళ్లు ససేమిరా తెరవలేనివాళ్లకు మాత్రం అది శిక్షే అవుతుంది.

ఇంట్లోవాళ్లకు నేర్పి పంపేస్తే సరిపోతుందా? మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1250 మంది పక్షవాతం రోగులతో అటెండ్ అనే అధ్యయనం చేశారు. 2017లో ఫలితాలొచ్చాయి. కుటుంబానికి శిక్షణ ఇచ్చి చేయించిన పునరావాసం వల్ల ఆరు నెలలకు మరణాలు గానీ, ఇతరుల మీద ఆధారపడటం గానీ తగ్గలేదు. కాబట్టి "మీరే చేసుకోండమ్మా" అని ఒక కాగితం ఇచ్చి పంపిస్తే ఊరుకోవద్దు. నెలకు రెండుసార్లయినా తెలిసినవాళ్లు చూసి మార్పులు చెప్పాలి.

రెండు తప్పులు మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోనూ కనిపిస్తాయి. ఒకటి రబ్బరు బంతి. గుప్పిట బిగుసుకున్న మనిషి చేతిలో బంతి పెట్టి నొక్కమంటారు. మూయడం అతనికి బాగానే వచ్చు, తెరవడమే రాదు. రెండోది, పడిపోయిన భుజాన్ని చెయ్యి పట్టుకుని లేపడం, కప్పీ తాడు కట్టి పైకి లాగడం. ఆ భుజం కీలు జారి ఉండొచ్చు. నొప్పి మొదలైందంటే బిగువు ఇంకా పెరుగుతుంది. నూనె మర్దన సంగతి అంటారా, సున్నితంగా రాస్తే చర్మానికి హాయి. కీళ్లు విరిచే మర్దన మాత్రం వద్దు.

కీలు పొట్టిదవడం ఇప్పుడిప్పుడే మొదలైతే వరుస కట్లు మంచి దారి. మోచేతినో మడమనో వీలైనంత సాగదీసి కట్టు వేస్తారు. కొన్ని రోజులకో వారానికో విప్పి, ఇంకాస్త సాగదీసి మళ్లీ వేస్తారు. నొప్పి చెప్పుకోలేని రోగికీ, స్పర్శ తెలియని కాలికీ ఇది ప్రమాదం. కట్టు చివర వేళ్ల రంగు పూటపూటా చూసే మనిషి ఇంట్లో లేకపోతే వద్దనే చెబుతాను.

## మాత్రలు

చవక, తేలిక, ఏ మందుల షాపులోనైనా దొరుకుతాయి. అందుకే అందరికీ ముందు ఇవే రాస్తారు. బాక్లోఫెన్ మామూలుగా 5 మి.గ్రా. చొప్పున మూడు పూటలా మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. రోజుకు 80 మి.గ్రా. సాధారణంగా దాటరు. కిడ్నీలు బలహీనంగా ఉంటే ఒంట్లో పేరుకుంటుంది కాబట్టి మోతాదు తగ్గించాలి. టిజానిడిన్ అనే ఇంకో మాత్ర బీపీ తగ్గిస్తుంది, నోరు ఎండిపోతుంది, అప్పుడప్పుడు లివర్ పరీక్ష చేయించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అంటే చాలు మనవాళ్లు షాపులో సిప్రోఫ్లోక్సాసిన్ అడిగి తెచ్చుకుంటారు. టిజానిడిన్ వాడేవాళ్లు ఆ మాత్ర కలిపి మింగకూడదు. టిజానిడిన్ రక్తంలో విపరీతంగా పెరిగి బీపీ పడిపోతుంది. డయజిపామ్ బిగువు తగ్గిస్తుంది గానీ మత్తు ఎక్కువ, అలవాటవుతుంది. మెదడు కోలుకుంటున్న మనిషికి అది నాకు ఇష్టం లేని మాత్ర.

మాత్రల అసలు చిక్కు ఇది. బిగుసుకున్న కండరానికీ, బాగున్న కండరానికీ, అంతంతమాత్రంగా మేలుకుంటున్న మెదడుకూ తేడా తెలియదు వాటికి. మోచెయ్యి ఒక్కటి వదలడం కోసం రోజంతా తూగే మనిషి వ్యాయామంలో ఏం నేర్చుకుంటాడు? రాత్రి కాళ్లు టకటకా కొట్టుకుని నిద్ర పట్టనివాళ్లకూ, ఒళ్లంతా బిగువు ఉన్నవాళ్లకూ మాత్రం మాత్రలు మేలే.

ఒక హెచ్చరిక. బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. ఫిట్సు, భ్రమలు, తీవ్రమైన జ్వరం రావచ్చు. సంక్రాంతికి ఊరెళ్లి మాత్రలు మర్చిపోయిన కుటుంబం ఒకటి మూడో రోజున రోగిని ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సి వచ్చింది. పది రోజుల మాత్రలు ఎప్పుడూ అదనంగా ఉంచుకోండి.

## బోటులినమ్ ఇంజెక్షన్

ముడతల కోసం వాడే బోటాక్సే ఇది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చేతి బిగువుకు 2010లో, కాలి బిగువుకు 2016లో అనుమతి ఇచ్చింది. నరం నుంచి కండరానికి అందే సంకేతాన్ని తాత్కాలికంగా ఆపుతుంది. కొద్ది రోజుల్లో పని మొదలవుతుంది, నాలుగారు వారాలకు పూర్తిబలం, మూడు నెలలకు తగ్గిపోతుంది. 12 వారాల లోపు మళ్లీ వేయరు. మత్తు ఉండదు. ఏ కండరంలో వేస్తే అక్కడే పని. గుప్పిట, మోచెయ్యి, మడమ వంటి ఒకటి రెండు చోట్ల సమస్య ఉన్నవాళ్లకు మాత్రల కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

దేనికి పనిచేస్తుందో నిక్కచ్చిగా తెలుసుకోండి. బ్రిటన్‌లో జరిగిన బోటల్స్ అధ్యయనం 2011లో వచ్చింది. ఇంజెక్షన్ వల్ల బిగువు తగ్గింది, చెయ్యి కడగడం, బట్టలు తొడగడం వంటివి తేలికయ్యాయి. చేతితో స్వయంగా పనిచేసే సామర్థ్యంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అరచెయ్యి శుభ్రం కావాలంటే డబ్బుకు తగ్గ ఫలితం ఉంటుంది. సొంత కదలిక లేని చేత్తో పెన్ను పట్టాలనుకుంటే ఉండదు.

ఆ మూడు నెలలూ ఒక కిటికీ తెరిచినట్టు. తెరిచి ఉన్నప్పుడే కట్లు, స్ప్లింట్, తెరవడం నేర్పే వ్యాయామం జరగాలి. ఆ నెలల్లో ఫిజియో దొరకడు, ఇంట్లో పెళ్లి ఉంది అంటే ఇంజెక్షనే వాయిదా వేయండి. అల్ట్రాసౌండ్‌తో గానీ, కండరం విద్యుత్తును చూసే ఈఎంజీతో గానీ చూసి వేస్తారా అని అడగండి. ముంజేతిలో కండరాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఏ కంపెనీది, ఏ కండరంలో ఎన్ని యూనిట్లు వేశారో ఫైలులో రాయించుకోండి. బోటాక్స్ యూనిట్లూ డిస్‌పోర్ట్ యూనిట్లూ ఒకటి కావు. ఇంజెక్షన్ వేయించాక మింగడం కష్టమైనా, ఊపిరి ఇబ్బందైనా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

## ఫినాల్, పంపు, ఆపరేషన్

ఫినాల్ పాత పద్ధతి, చవక, వేసిన వెంటనే తేడా తెలుస్తుంది. నరం పక్కన మందు వేసి దాన్ని కొంతమేర పనిచేయకుండా చేస్తారు. తొడలు కత్తెరలా పడిపోయి డైపరు మార్చలేని ఇళ్లలో తొడలను దగ్గరకు లాగే కండరాలకు వెళ్లే అబ్ట్యురేటర్ నరానికి వేస్తే దీని విలువ తెలుస్తుంది. అరికాలి స్పర్శ మోసే నరం వంటి చోట్ల వేస్తే నెలల తరబడి మంట పట్టుకోవచ్చు. బాగా చేయి తిరిగిన డాక్టరు కావాలి, అలాంటివారు తక్కువ.

పంపు అంటే పొట్ట చర్మం కింద గుండ్రని డబ్బా. అందులోంచి సన్నని గొట్టం వెన్నులోకి వెళ్లి బాక్లోఫెన్‌ను చుక్కచుక్కగా వదులుతుంది. వెన్నుకే నేరుగా అందుతుంది కాబట్టి మాత్రతో పోలిస్తే చాలా కొద్ది మోతాదులోనే పని జరుగుతుంది, మత్తు తక్కువ. మెదడు దెబ్బ వల్ల వచ్చిన బిగువుకు అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. తల దెబ్బ తగిలి ఏడాది నిండాక ఆలోచించమంటారు. ముందు నడుములోంచి ఒక పరీక్ష డోసు ఇచ్చి, కాళ్లు వదులుతాయా లేదా చూశాకే పెడతారు. ఆ పరీక్ష లేకుండా ఒప్పుకోవద్దు. కొన్ని నెలలకోసారి మందు నింపాలి, కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోయి పంపే మార్చాలి. నింపే తేదీ తప్పితే మాత్ర ఆపినప్పటికన్నా పెద్ద ప్రమాదం. నింపే ఆసుపత్రి మీ ఊరికి ఎంత దూరమో ముందు కనుక్కోండి, పంపు ధర తర్వాత.

ఆపరేషన్ చివరి మెట్టు. పొట్టిదైన మడమ స్నాయువును పొడవు చేయడం, పాదం లోపలికి తిరిగిపోతుంటే ఒక స్నాయువును చీల్చి సగం పక్కకు కుట్టడం వంటివి. కోలుకోవడం ఒక దశకు వచ్చి ఆగాక చేస్తే నడక నిజంగా మారుతుంది. తొందరపడితే తర్వాత మేలుకున్న కండరానికి లాగడానికి తాడు ఉండదు.

## మీ ఇల్లు వీటిలో ఏది?

దెబ్బ తగిలి రెండు మూడు నెలలే అయితే భంగిమ, నిలబెట్టడం, ముల్లు వెతకడం. బిగువు వ్యాయామానికి అడ్డొస్తుంటే ఇంజెక్షన్ త్వరగా వేయించినా తప్పులేదు. పంపు, ఆపరేషన్ మాటే వద్దు.

నడుస్తారు గానీ మడమ ఆనక మునివేళ్ల మీద వెళ్తారా? పిక్కలో ఇంజెక్షన్, వెంటనే కట్లు, తర్వాత మడమ పట్టే ఏఎఫ్ఓ బూటు. తొడ ముందు కండరాన్ని మాత్రం ఊరికే ముట్టుకోనివ్వకండి.

పూర్తిగా మంచాన ఉండి రెండు కాళ్లూ బిగుసుకుంటే మాత్రలతో మొదలుపెట్టండి. తొడలకు ఫినాల్ అడగండి. ఏడాది దాటాక, నింపించుకునే వీలుంటే పంపు.

ఊరు దూరం, మనిషి ఒక్కరే, కూలి పోతే గడవదు అనుకుంటే మూడు నెలలకోసారి ప్రయాణించే చికిత్స మీద ఆశ పెట్టుకోకండి. వెళ్లిన ఒక్కసారికే ఫినాల్, కట్లు, ఏఎఫ్ఓ అన్నీ కుదిరేలా అడగండి. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర కుర్చీ దగ్గరికి వెళ్లి, డాక్టరు రాసిన ప్రొసీజరు పేరు చూపించి అది జాబితాలో ఉందో లేదో ముందే కనుక్కోండి. ఫిజికల్ మెడిసిన్ విభాగమున్న ప్రభుత్వ బోధనాసుపత్రి దగ్గర్లో ఉంటే మొదట అక్కడికే వెళ్లండి.

ఆ కుర్రాడికి మోచేతి, వేళ్ల కండరాల్లో ఇంజెక్షన్ వేయించారు. తర్వాత వారం నుంచి మోచేతికి రెండు కట్లు వేశాం. మూడో వారం నేను వెళ్లేసరికి వాళ్లమ్మ ఒక్కతే చొక్కా తొడుగుతోంది, బిగిసిన చెయ్యి ముందు దూర్చి, మంచి చెయ్యి తర్వాత. అరచేతిలో గోళ్లు దిగిన గుర్తులు మానాయి. వేళ్లు వాటంతటవి కదలలేదు, కదలవని ముందే చెప్పుకున్నాం. గోడ మీద క్యాలెండర్‌లో పన్నెండో వారం తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. కింద పాలవాడి లెక్క.